పైన తడి, కింద పొడి: టెక్సస్‌లో జింకల మేత మడి ఎప్పుడు విత్తాలో తేల్చుకున్న ఒక కేసు

నేపథ్యం

టెక్సస్‌లో భూమి, పచ్చిక, అడవి జంతువుల ఆవాసాల నిర్వహణ మీద సలహాలివ్వడం నా వృత్తి. పుట్టి పెరిగింది అనంతపురం జిల్లా వేరుశనగ చేల మధ్య. ఈ కేసులో చదువు కంటే ఆ రెండోదే నాకు ఎక్కువ అక్కరకొచ్చింది.

భూమి ఒక తెలుగు కుటుంబానిది. డాలస్ వైపు ఐటీ ఉద్యోగాలు చేస్తూ ఫోర్ట్ వర్త్‌కు పడమరగా వందకు పైగా ఎకరాలు కొన్నారు. ఏ కౌంటీయో చెప్పను, గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. ఆ ప్రాంతాన్ని క్రాస్ టింబర్స్ అంటారు. పోస్ట్ ఓక్ చెట్లు, మధ్యలో గడ్డి బీళ్ళు, పైన ఇసుక పాలు ఎక్కువున్న నేల, అడుగున ఎర్ర బంకమట్టి. వానలు ఏడాదికి సగటున 30 అంగుళాలంటారు గానీ ఆ సగటు లెక్కన ఏ ఏడాదీ పడదు. ఒక నెలలో కుమ్మరిస్తుంది, మూడు నెలలు మొహం చాటేస్తుంది.

కొన్నప్పుడు ఆ భూమికి పశువుల మేత కింద వ్యవసాయ వాల్యుయేషన్ ఉంది, అంటే ఆస్తి పన్ను తక్కువ. వీళ్ళకు ఆవులు పెంచే తీరిక లేదు. టెక్సస్‌లో 1995లో ఓటర్లు ఆమోదించిన రాజ్యాంగ సవరణ ఒకటుంది. అప్పటికే వ్యవసాయ వాల్యుయేషన్ ఉన్న భూమిని వన్యప్రాణుల నిర్వహణకు మార్చుకుంటే పన్ను వెసులుబాటు పోదు. అందుకు ఏడు రకాల పనుల్లో కనీసం మూడు చేయాలి: ఆవాసం బాగుచేయడం, నేలకోత ఆపడం, వేటాడే జంతువుల అదుపు, అదనపు నీరు, అదనపు మేత, ఆశ్రయం, జంతువుల లెక్క. వీళ్ళు నీరు, మేత, లెక్క ఎంచుకున్నారు. మేత అంటే ఇక్కడ ఫుడ్ ప్లాట్, తెల్లతోక జింకల కోసం గోధుమ, ఓట్స్, క్లోవర్ (పప్పుజాతి పచ్చిక) లాంటివి చల్లే చిన్న మడి. అలాంటివి మూడు ఉన్నాయి. ఒకటి వాగు పక్క పల్లంలో, ఒకటి పశువుల చెరువు దగ్గర, ఒకటి మెరక మీద. అన్నీ కలిపినా మూడెకరాలు దాటవు.

ఇంకొక మనిషి ఉన్నాడు. భూమి మీద వేట హక్కు లీజుకు తీసుకున్న స్థానిక అమెరికన్. టెక్సస్‌లో జింకల వేట సాధారణ సీజన్ నవంబర్ మొదటి శనివారం మొదలవుతుంది. ఆ రోజుకు మడులు పచ్చగా కనబడాలని అతని పట్టు. లీజు కాగితంలో ఆ మాట రాసి కూడా ఉంది.

వాళ్ళు తెచ్చిన సమస్య, నాకు కనబడిన సమస్య

2023 జనవరిలో యజమాని ఫోన్ చేశాడు. "అన్నా, ఏ నెలలో వెయ్యాలో ఒక్క మాట చెప్పండి చాలు. ఏ వెదర్ యాప్ నమ్మాలో కూడా చెప్పండి."

అంతకు ముందు శరదృతువులో జరిగింది ఇది. 2022 వేసవి బాగా ఎండింది, వరసగా మూడో లా నీన్యా (పసిఫిక్ సముద్రం చల్లబడి, టెక్సస్‌లో చలికాలపు వానలు తగ్గే దశ) చలికాలం రాబోతోంది. ఆగస్టు 22న డాలస్‌లో ఒక్క రోజులో 9 అంగుళాలకు పైగా పడి వీధులు మునిగాయి. వీళ్ళ భూమి మీద నాలుగంగుళాల దాకా పడింది. గట్టిబడిన నేల గనుక చాలా వరకు జారి చెరువులోకి పోయింది. వాన పడింది కదా అని రెండుసార్లు ట్రాక్టర్ డిస్క్‌తో దున్ని, సెప్టెంబర్ మొదట్లో వచ్చే లేబర్ డే సెలవుల్లో ఫీడ్ స్టోర్‌లో దొరికే "డీర్ మిక్స్" సంచులు చల్లారు. సెప్టెంబర్ మధ్యలో ఒక చిరుజల్లు పడింది, మొలకలొచ్చాయి. తర్వాత చినుకు లేదు, ఎండ తగ్గలేదు. మాడగా మిగిలినవి కత్తెర పురుగు తినేసింది. 2018 నుంచి మన మొక్కజొన్న రైతులను ఏడిపిస్తున్న పురుగే ఇది, దాని సొంత నేల అమెరికా ఖండాలే. అక్టోబర్ చివర వానలకు మళ్ళీ ఓట్స్ చల్లారు, అవి బాగా లేచాయి. డిసెంబర్ 22, 23 తేదీల్లో ఆర్కిటిక్ చలి దిగేసరికి నల్లబడి పడిపోయాయి.

యజమాని దీనంతటికీ కరువు అని పేరు పెట్టాడు. ఫోన్‌లో ఉన్న ఫొటోలన్నీ తేదీల వరసలో పంపమన్నాను. వాటిలో నాకు మూడు వేరు వేరు జబ్బులు కనబడ్డాయి.

మొదటిది, సెప్టెంబర్ చివరి ఫొటోల్లో మడంతా ఎండినా రెండు పచ్చని గీతలు సమాంతరంగా ఉన్నాయి. ట్రాక్టర్ చక్రాల జాడలవి. అక్కడ మట్టి నొక్కుకుని గింజను పట్టుకుంది కాబట్టి అదే వాన, అదే ఎండకు మొక్క బతికింది. అంటే నేల మరీ గుల్లగా ఉంది. రెండుసార్లు డిస్క్ వేసి పైనున్న కాస్త చెమ్మనూ గాలికి పోగొట్టారు. రెండోది, అక్టోబర్ మడి తేమ లేక చావలేదు, ఓట్స్ చలికి ఆగలేదు. 15 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి పోతే ఓట్స్ మీద ఆశ వదులుకోవాలి. గోధుమ, రై (గోధుమ లాంటి ధాన్యం) తట్టుకుంటాయి. మూడోది, జింకలు ఎంత తిన్నాయో చెప్పే ఆధారం ఎక్కడా లేదు. మొలవలేదా, మొలిచింది మొలిచినట్టు తినేశాయా? మడిలో మూడడుగుల వ్యాసంలో ఒక ఇనుప వల గుండ్రంగా పాతితే తేలిపోయే ప్రశ్న. లోపల ఎత్తుగా, బయట కురచగా ఉంటే జింకలు. రెండు చోట్లా ఒకటే అయితే నేలో వానో. ఆ వలలు ముందు పాతించాను.

పన్ను గురించి యజమానికి ఉన్న టెన్షన్ కూడా తేదీని ముందుకు తోస్తోందని మాటల్లో అర్థమైంది. మడి విఫలమైతే వాల్యుయేషన్ పోతుందని భయం. పన్ను కోసం భూమి విలువ కట్టే అప్రైజల్ ఆఫీసుతో మాట్లాడుకోమన్నాను. ప్లాన్ ప్రకారం పని చేసినట్టు రసీదులు, తేదీలున్న ఫొటోలు, వార్షిక నివేదిక ఉండాలని అక్కడ చెప్పారు. ఆ భయం తగ్గాకే "ఆగుదాం" అనే మాట వినే స్థితికి వచ్చాడు.

వసంతంలో చేసిన ప్రయత్నం

ఏప్రిల్ చివర చెరువు దగ్గరి మడిలో అలసందలు, లాబ్‌లాబ్ వేశాం. లాబ్‌లాబ్ అంటే మన అనపలే. చిత్తూరు నుంచి వచ్చి ఉన్న యజమాని తల్లి సంచి విప్పి చూసి, "అనపగింజలు జింకలకేస్తారా ఎవరన్నా!" అని నోరు నొక్కుకున్నారట. వండుకోవడానికి కొన్ని తీయబోతే ఆపాల్సొచ్చింది, విత్తనానికి పూత ఉంది.

నా ఆలోచన ఇది. టెక్సస్‌లో జింకలకు తిండి కరువు రెండుసార్లు వస్తుంది, వేసవి చివర ఒకసారి, జనవరి ఫిబ్రవరిలో ఒకసారి. ఈ రెండు పంటలూ ఎండకు ఓర్చుకుంటాయి, మొదటి కరువుకు సరిపోతాయి. వానలు కూడా సరిగానే పడ్డాయి. మొలక బ్రహ్మాండంగా వచ్చింది, రెండాకుల దశలోనే మొత్తం పోయింది. వల లోపల తీగ మోకాలెత్తు ఉంటే బయట పుల్లలు. ఎకరం కూడా లేని మడిలో పప్పుజాతి మొక్కకు తేరుకునే సందు దొరకదు. కరెంటు కంచె ఒక దారి. దాని ఖర్చు, నిర్వహణ వారాంతాల్లో మాత్రమే వచ్చే వాళ్ళకు తగదని వద్దనుకున్నాం. ఈ వైఫల్యం వానతో సంబంధం లేనిదని వల వల్లే తెలిసింది. లేకపోతే దాన్నీ కరువు ఖాతాలోనే రాసేవాళ్ళం.

వేసవిలో తీసుకున్న నిర్ణయం

శరదృతువులో విత్తే తేదీ జూలైలోనే చాలా వరకు ఖాయమవుతుంది. అప్పుడు మడిలో పెరిగే జాన్సన్ గడ్డి, తోటకూర జాతి కలుపు ఉన్న నీళ్ళన్నీ తాగేస్తే సెప్టెంబర్‌లో పడే వాన ఎండు స్పంజి మీద పడ్డట్టే. కాబట్టి జూలైలో గ్లైఫోసేట్‌తో కలుపు చంపి, ఎండిన చెత్తను నేల మీదే వదిలేయమన్నాను. డిస్క్ ముట్టుకోవద్దన్నాను. ప్రతిసారి దున్నిన లోతు వరకు చెమ్మ పోతుంది.

ఇది ఇద్దరికీ నచ్చలేదు. ఎండు చెత్తతో ఉన్న మడి చూస్తే పట్టించుకోనట్టు ఉందని యజమాని బాధ. లీజుదారు ఒక శనివారం తన డిస్క్ తెచ్చి మెరక మడి దున్నేశాడు కూడా. మిగతా రెండూ ఆపగలిగాం.

ఆగస్టు చివర అతను ఇంకో ప్రతిపాదన తెచ్చాడు: గోధుమ పైపైన చల్లేద్దాం, వాన వస్తే మొలుస్తుంది. వ్యవసాయంగా చూసినా అది పిట్టలకు, చీమలకు విందు. దానికి మించి, ఆ జోన్‌లో సెప్టెంబర్ 1న గువ్వల వేట మొదలవుతుంది. గువ్వలు వలస పక్షుల చట్టం కిందికి వస్తాయి. ఆ ప్రాంతపు మామూలు సాగు పద్ధతికి, కాలానికి బయట నేల మీద గింజలు చల్లి అక్కడే వేటాడితే, ఎర వేసినట్టు కేసు కట్టే ప్రమాదం ఉంది. అతనికి ఆ రెండో కారణం వెంటనే తలకెక్కింది.

అసలు పరీక్ష

2023 వేసవి ఘోరమైన ఎండలు కాసింది. సెప్టెంబర్ చివరి వారంలో వీళ్ళ గేజిలో అర అంగుళం కంటే కాస్త ఎక్కువ వాన. చుట్టుపక్కల ట్రాక్టర్లన్నీ కదిలాయి. ఆ సాయంత్రం ఫోన్: "అన్నా, అందరూ వేసేస్తున్నారు. మనం ఇంకా చూస్తూ కూర్చుంటే ఎట్లా?"

వాన పడ్డాక నేలలోకి దిగే తడిని మా ఊళ్ళో పదును అంటారు, అది ఎంత లోతు దిగిందో చూడకుండా గొర్రు కట్టరు. మా నాన్న తరం పార పెట్టి తవ్వి చూసేది. నేను పిడి ఉన్న ఒక సన్నని ఇనుప చువ్వ వాడతాను. తడి మట్టిలో చేతి బలానికి దిగుతుంది, పొడి మట్టి తగలగానే ఆగిపోతుంది. యజమానికి అలాంటిదొకటి చేయించి ఇచ్చాను. ప్రతి మడిలో పలుచోట్ల గుచ్చి ఎంత దిగిందో చెప్పమన్నాను.

పల్లంలో అడుగు దాటి దిగింది. చెరువు మడిలో నాలుగైదు అంగుళాలు. లీజుదారు దున్నిన మెరకలో మూడు.

అప్పుడు నేనిచ్చిన సమాధానం: పల్లంలో ఈ వారాంతమే వెయ్యండి, మిగతా రెండూ ముట్టుకోకండి. వాన ఒకటే, రోజు ఒకటే, జవాబులు రెండు. యజమానికి ఇది మింగుడు పడలేదు కాబట్టి లెక్క వివరించాను. ఇసుక నేలలో అర అంగుళం వాన నాలుగైదు అంగుళాలు తడుపుతుంది. 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన ఎండలో ఆ పై తడి వారంలో ఎగిరిపోతుంది. గోధుమ గింజ అంత లోపే మొలుస్తుంది, కానీ వేరు కిందికి పోయేసరికి అక్కడ పొడి తగులుతుంది. పూర్తిగా పొడిగా ఉన్న నేలలో గింజ నిద్రపోతుంది, వాన కోసం కొన్ని వారాలు ఆగగలదు. పూర్తిగా తడిసిన నేలలో బతుకుతుంది. పైన తడిసి కింద పొడిగా ఉన్న నేల ఒక్కటే గింజను లేపి చంపుతుంది. 2022 సెప్టెంబర్‌లో వీళ్ళ మడుల్లో జరిగింది సరిగ్గా అదే. పల్లంలో మాత్రం జూలై నుంచి దాచుకున్న తడి కింద ఉంది, పైనుంచి వచ్చిన వాన దాన్ని కలుసుకుంది.

"మరి పొడి దుక్కిలో వేసి ఉంచితే?" అని అడిగాడు. మంచి ప్రశ్నే. చుక్క తడి లేని నేలలో, మొదటి వాన పెద్దదే వస్తుందని నమ్మకం ఉంటే వెయ్యొచ్చు. మా వైపు రైతులు కొన్నిసార్లు వేస్తారు. కానీ ఇక్కడ పై నాలుగంగుళాలు అప్పటికే తడిసి ఉన్నాయి, ఆ అవకాశం పోయింది.

మరి వాతావరణ సూచనలు? వారం రోజుల సూచనను నేను ఆగడానికి వాడతాను, విత్తడానికి వాడను. ఎండ పెరుగుతుందన్నా, వాలు మీద రెండు మూడంగుళాల కుండపోత పడుతుందన్నా ఆగుతాను. "శుక్రవారం 60 శాతం వాన" అన్నదాన్ని నమ్మి సంచి విప్పను. సీజన్ మొత్తానికిచ్చే అంచనాకు వేరే ఉపయోగం ఉంది. ఆ జూన్‌లోనే లా నీన్యాకు ఎదురు దశ అయిన ఎల్ నీన్యో మొదలైందని ప్రకటించారు. ఎల్ నీన్యో చలికాలాల్లో టెక్సస్‌కు వాన మొగ్గు ఎక్కువ. అది చూసి ఆలస్యంగానైనా విత్తగలిగే గింజలు ఎక్కువ కొనిపించాను.

ఆగమని ధైర్యంగా చెప్పడానికి ఇంకో కారణం చెట్ల మీద ఉంది. అక్టోబర్, నవంబర్‌లలో ఓక్ కాయలు రాలతాయి. అవి రాలుతుంటే జింకలు పచ్చిక మడి వైపు పెద్దగా రావు. వాటికి మడి నిజంగా కావాల్సింది కాయలైపోయాక, జనవరి ఫిబ్రవరిలో. నవంబర్ మొదటి శనివారం లీజుదారు గడియారం. జింకలది కాదు. ఈ రెండు గడియారాలను విడదీయకుండా తేదీ గురించి ఎంత చర్చించినా ఉపయోగం లేదు.

పల్లంలో గోధుమ, కొంచెం ఓట్స్, శీతాకాలపు బఠాణీ, క్లోవర్ వేశాం. అద్దెకు దొరికిన నో-టిల్ డ్రిల్‌తో (దున్నకుండానే విత్తే యంత్రం) చెత్త మీదుగానే గోధుమ, బఠాణీ అంగుళంన్నర లోతున పడ్డాయి. క్లోవర్ పావు అంగుళం మించకూడదు. అక్కడే అది దెబ్బతింది. పై పొర ఆరిపోయేసరికి క్లోవర్ దాదాపు పోయింది. గోధుమ, బఠాణీ నిలబడ్డాయి. క్లోవర్ గింజకు పట్టించిన రైజోబియం బ్యాక్టీరియా (పప్పుజాతి వేళ్ళలో నత్రజని పట్టేది) కూడా వేడి షెడ్డులో ఉండి చచ్చి ఉండొచ్చు. ఏది ఎంత కారణమో విడదీయలేను.

అక్టోబర్ చివరి వారంలో మంచి వానలు పడ్డాయి. చెరువు మడిలో చువ్వ అడుగు దాకా దిగింది. అప్పటికి మొదటి మంచు ముంచుకొస్తోంది కాబట్టి మిశ్రమం మార్చాం. ఓట్స్ పూర్తిగా తీసేశాం. రై ఎక్కువ, గోధుమ కొంత, పైన క్లోవర్. రై చల్లటి నేలలో కూడా మొలుస్తుంది, చలికి చావదు, చవక. ఒక్క హెచ్చరిక: రై ధాన్యం, రైగ్రాస్ గడ్డి, రెండూ వేరు. చవక డీర్ మిక్స్‌ల్లో రైగ్రాస్ బాగా కలుపుతారు, ఒకసారి పాతుకుంటే అదే కలుపై కూర్చుంటుంది. సంచి మీది ట్యాగు చదవకుండా కొనొద్దు.

మెరక మడిలో ఏమీ వేయలేదు. చువ్వ అక్కడ అప్పుడు కూడా సరిగా దిగలేదు, కింద బంకమట్టి మరీ పైకి ఉంది. నవంబర్ 15 దాటితే వేయకూడదని ముందే గీత గీసుకున్నాం. ఆ గీత లేకపోతే "ఇంకో వాన చూద్దాం" అంటూ డిసెంబర్ దాకా సాగుతుంది, గింజ దండగ.

ఫలితం

వేట మొదలైన శనివారానికి పల్లం మడి చీలమండ ఎత్తు ఉంది. చెరువు మడిలో సూదుల్లాంటి మొలకలు. లీజుదారు మొహం మాడ్చుకున్నాడు, జింకలు మాత్రం ఓక్ చెట్ల కిందే ఉన్నాయని కెమెరాల్లో కనబడింది. పల్లం అంచున బఠాణీ వేసిన మూల అడవి పందులు తవ్విపోశాయి. దానికి విత్తే తేదీలో మందు లేదు.

2024 జనవరి మధ్యలో మళ్ళీ ఆర్కిటిక్ చలి దిగింది. పల్లంలో ఓట్స్ చచ్చాయి, గోధుమ నిలిచింది. ఫిబ్రవరిలో చెరువు మడి మూడింటిలోకీ బాగుంది. వల లోపల రై మోకాలు దాటింది, బయట జానెడు ఎత్తున సమంగా మేసి ఉంది. క్లోవర్ అక్కడ పట్టింది.

ఇందులో పద్ధతి ఎంత, వాన దయ ఎంత? చెరువు మడిని చూపించి నా సలహా గొప్పదని చెప్పుకోవడం సరికాదు. అక్టోబర్ చివరి వానల తర్వాత వేసిన ఎవరి మడైనా ఆ ఏడు బాగానే ఉండేది. నేను లెక్కలోకి తీసుకునేది సెప్టెంబర్ చివర పల్లాన్ని, చెరువు మడిని విడదీసిన నిర్ణయాన్నే. అదే వాన చూసి దున్నిన నేలలో వేసిన పక్క భూముల్లో కొన్నిచోట్ల మొలకలు లేచి మాడాయి, వాళ్ళు మళ్ళీ విత్తనం కొన్నారు. చెత్త కింద తడి దాచుకున్న పల్లం నిలిచింది. లా నీన్యా చలికాలంలో ఇదే పద్ధతి ఎంత నిలుస్తుందో ఒక్క ఏడాది చూసి చెప్పకూడదు.

తర్వాతి కేసుల్లో నేను మార్చుకున్నవి

తేదీ అడిగే వాళ్ళకు ఇప్పుడు తేదీ చెప్పను. మడిమడికీ చువ్వ ఎంత దిగిందో అడుగుతాను. గింజలను జింకల ఇష్టాన్ని బట్టి కాకుండా, ఎంత ఆగగలవో బట్టి వరస పెట్టిస్తాను: క్లోవర్ అస్సలు ఆగదు, పై పొర తడి నిలిచే రోజులొచ్చాకే దాని వంతు. గోధుమ, బఠాణీ లోతున పడితే కింది తడి అందుకుంటాయి. రై చివరి చీటీ. ఓట్స్ జింకలకు ఎంత ఇష్టమైనా మిశ్రమంలో నాలుగో వంతు మించనివ్వను. విత్తనం ఒకేసారి మొత్తం కొననివ్వను, ఎందుకంటే షెడ్డులో సంచులుంటే యజమాని చెయ్యి ఊరుకోదు.

మెరక మడిని మేత మడుల లెక్కలోంచి తీసేశాం. జనవరిలో అక్కడ పట్టీలుగా డిస్క్ వేయించాను. చలికాలంలో నేల కదిలిస్తే వసంతంలో గడ్డి కంటే వెడల్పాకు మొక్కలు ఎక్కువ లేస్తాయి. క్రోటన్ (మన ఇళ్ళ ముందు పెంచేది కాదు, బీళ్ళలో మొలిచే జాతి), పొద్దుతిరుగుడు జాతి మొక్కలు వాటంతట అవే వచ్చాయి. విత్తనం ఖర్చు లేదు, జింకలు మేశాయి, గింజలకు గువ్వలొచ్చాయి. ప్లాన్‌లో దాన్ని ఆవాసం బాగుచేసే పని కింద రాశాం.

లీజు కాగితంలో నవంబర్ మొదటి శనివారానికి పచ్చగా ఉండాలన్న షరతు తీసేసి, నేల తేమను బట్టి సెప్టెంబర్ 20 నుంచి నవంబర్ 15 లోపు విత్తుతారని రాయించాం. లీజుదారు దానికి బదులుగా అద్దె తగ్గించమన్నాడు. యజమాని బేరమాడి కొంత తగ్గించాడు.